రెండేండ్లు బ్రతికిన ఒక క్రీడాసంఘము

1895వ సంవత్సరము మార్చి నెల 23వ తేదీ శనివారమునాడు లండను నగరపు ఉత్తర భాగమున, క్రౌచ్ ఎండ్ అను పేటలోని ఆటస్థలమునకు పదివేలమందికి పైగా జనము వచ్చి చేరిరి. రైలుబండ్లు క్రిక్కిరిసినవి. వారు చూడవచ్చినది ఫుట్‌బాల్ ఆట; ఆడువారు స్త్రీలు. తెలుగున 'ఆడువారు' అను మాటకు రెండర్థములు ఉండుట మన భాషకు గల సౌలభ్యము. ఆంగ్లేయులకు ఆ సౌలభ్యము లేదు. ఆడువారు ఆడుట వారికి వింతగా తోచినది.

ఆనాడు ఉత్తరము, దక్షిణము అను రెండు జట్లు తలపడినవి. ఉత్తరపు జట్టువారు ఎఱ్ఱని చొక్కాలును, దక్షిణపు జట్టువారు లేత నీలము, ముదురు నీలము కలసిన చొక్కాలును ధరించిరి. ఉత్తరము ఏడు గోలులు చేసినది, దక్షిణము ఒకటి. రెండు జట్లును ఒకే సంఘమునకు చెందినవి. దాని పేరు బ్రిటిష్ లేడీస్ ఫుట్‌బాల్ క్లబ్. 1894 చివరి దినములలో అది రూపుదిద్దుకొన్నది. 1896లో చితికిపోయినది. ఆ పేరుతో 1902 ప్రాంతమున మరల కొన్ని ఆటలు జరిగినవి గాని, ప్రాణమున్న సంఘముగా అది బ్రతికినది రెండేండ్లకు మించదు.

ఇంత స్వల్పాయువైన సంఘమును గూర్చి మన కళాశాల వార్షిక సంచికలో వ్రాయవలసిన అవసరమేమి అని పాఠకులు అడుగవచ్చును. కారణమున్నది. ఈ సంవత్సరము మేము, తెలుగు విభాగమునుండియు ఉర్దూ విభాగమునుండియు కొందరు విద్యార్థినులము కలసి, బాలికలకొక ఫుట్‌బాల్ జట్టు ఉండిన బాగుండునని పెద్దల చెవిని వేసితిమి. "బాలికల జట్లు నిలువవమ్మా, రెండేండ్లకే చెదిరిపోవును" అని ఒక పెద్దలు సెలవిచ్చిరి. వారు కోపముతో అన్న మాట కాదు, వాత్సల్యముతోనే అనిరి. కాని ఆ మాట మమ్ము ఆలోచింపజేసినది. నిలువకపోవుట నిజమే అనుకొందము. నిలువకపోవుటకు కారణము ఆడపిల్లలా, మరేదైననా? ఈ ప్రశ్నకు క్రౌచ్ ఎండ్ సంఘము చరిత్రకంటె మంచి పరీక్ష మాకు కనబడలేదు.

ఆ సంఘమును పుట్టించిన స్త్రీ పేరు నెట్టీ హనీబాల్. ఆమె పత్రికలలో ప్రకటన వేయించి, ముప్పది మంది వరకు యువతులను ప్రోగుచేసెను. 1895 ఫిబ్రవరిలో ఒక పత్రికా విలేకరితో ఆమె మాట్లాడుచు, స్త్రీలు అలంకారమునకే తప్ప మరెందుకును పనికిరానివారని పురుషులు చిత్రించిన చిత్రము అబద్ధమని లోకమునకు ఋజువు చేయుటయే తన సంకల్పమనియు, స్త్రీలు చట్టసభలలో కూర్చుండు దినముకొరకు తాను ఎదురుచూచుచున్నాననియు చెప్పెను. ఆ దేశపు స్త్రీలలో కొందరికి వోటుహక్కు లభించుటకే 1918వ సంవత్సరము వరకు ఆగవలసివచ్చిన సంగతి తలచినచో, ఈ మాట ఎంత ముందుచూపుతో పలికినదో తెలియగలదు.

అయితే నెట్టీ హనీబాల్ అనునది ఆమె అసలు పేరు కాదని చరిత్రకారుల తలంపు. ఆ జట్టులో గోలు కాచిన స్కాట్లండు వనిత 'మిసెస్ గ్రహమ్' పేరుతో ఆడెను. ఆమె అసలు పేరు హెలెన్ మాథ్యూ. ఇంకను కొందరు మారుపేర్లతోనే ఆడిరి. దొంగతనము చేసినవాడు పేరు మార్చుకొనుట వినియున్నాము. బంతి తన్నుటకు పేరు మార్చుకొనవలసిన కాలమది. ఒక క్రీడాసంఘము మన్నికను లెక్కించునప్పుడు, దాని సభ్యులు తమ పేరునైనను బహిరంగముగా చెప్పుకొనలేకపోయిరను సంగతిని కూడ లెక్కలో వేయవలెనని మా మనవి. తన పేరు బయటపెట్టలేని మనిషి చందా వసూలు చేయగలదా? మైదానము అద్దెకు తీసికొనగలదా? పదిమంది పెద్దల యెదుట నిలిచి సంఘము పక్షమున వాదింపగలదా?

ఆ లోటును కొంతవరకు పూరించినది సంఘాధ్యక్షురాలు లేడీ ఫ్లోరెన్స్ డిక్సీ. ఈమెను గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. చెప్పకుండ విడుచుటకు మాకు మనసొప్పుట లేదు కూడ. 1855లో స్కాట్లండులో ఒక ప్రభువంశమున జన్మించినది. దక్షిణ అమెరికా కొసనున్న పటగోనియా మైదానములలో గుఱ్ఱముపై తిరిగి, 1880లో ఆ యాత్రను గ్రంథముగా ప్రకటించినది. 1881లో మార్నింగ్ పోస్ట్ పత్రిక పక్షమున దక్షిణాఫ్రికాకు యుద్ధవార్తలు పంపు విలేకరిగా వెళ్లినది. అక్కడ ఆంగ్లేయులచే రాజ్యభ్రష్టుడైన జూలూ రాజు కెట్షవాయోకు న్యాయము జరుగవలెనని ఆంగ్లేయ పత్రికలలోనే వాదించినది. 1890లో 'గ్లోరియానా' అను కల్పిత కథ వ్రాసెను. అందు ఒక యువతి పురుషవేషమున ఎన్నికలలో గెలిచి ప్రధానమంత్రి యగును. ఇక ముష్టియుద్ధమునకు నేటికిని ప్రామాణికములుగా చెప్పుకొను క్వీన్స్‌బెరీ నియమములు ఎవరి బిరుదుతో వెలసినవో ఆ ప్రభువు ఈమె సోదరుడు. అన్నగారి పేరు మల్లులకు నియమములనిచ్చెను. చెల్లెలు బంతి నిచ్చెను. ఆటగత్తెలు వేడుకకు గాక మనఃపూర్వకముగా ఆటలో దిగవలెనను షరతుపైననే ఆమె అధ్యక్షపదవికి ఒప్పుకొన్నది.

షరతును సభ్యురాండ్రు పాటించిరి. టాటెన్‌హామ్ హాట్‌స్పర్ ఆటగాడు జె. డబ్ల్యు. జూలియన్ వారికి శిక్షకుడుగా కుదిరెను. ఆ చలికాలమున వారు సాధన చేసిరి. కాని చలికాలపు సాధన ఎంత? మగపిల్లలు నడక నేర్చిన నాటినుండి వీధులలో బంతి తన్నుచుందురు. ఈ యువతులలో అనేకులు అంతకుముందు పరుగెత్తుటకైనను అనుమతి లేనివారు. అట్టివారిని మూడు నాలుగు నెలల సాధన తరువాత పదివేల జనము నడుమ నిలిపి, మరునాడు పత్రికలలో "వీరికి ఆట రాదు" అని తీర్పు చెప్పిరి. ఒక ప్రముఖ పత్రిక తొలి కొన్ని నిమిషములలోనే స్త్రీలకు ఈ ఆట అసాధ్యమని తేలిపోయినదని వ్రాసెను. ఒక్క చలికాలము చదివిన విద్యార్థిని పరీక్షాఫలితమును చూపి స్త్రీజాతికి చదువు రాదని తేల్చినట్లున్నది ఈ న్యాయము. మన దేశములో అట్లు తేల్చినవారు లేకపోలేదు.

అందరును అట్లు వ్రాయలేదు. మాంచెస్టర్ గార్డియన్ పత్రికకు వ్రాసిన ఒక మహిళ మాత్రము ఇట్టి తొందరకు పోక, వింత తీరిన తరువాత జనము రాకపోవచ్చును గాని, స్త్రీలు తమ ఆరోగ్యమునకును ఉల్లాసమునకును ఈ ఆట ఆడుకొనుటకు అడ్డేమియు లేదని భావించెను. ఆమె మాటలో మొదటి సగము రెండేండ్లలోనే నిజమైనది. రెండవ సగమును ఎవరును పట్టించుకొనలేదు.

వైద్యులును ఊరకుండలేదు. మొదటి ఆటకు ముందే, 1894లోనే, బ్రిటిష్ మెడికల్ జర్నల్ స్త్రీల శరీరమునకు ఈ ఆట ప్రమాదకరమని, దానిని తాము సమ్మతింపజాలమని ప్రకటించెను. ఆ కాలమున ఆంగ్లదేశపు నూలుమిల్లులలో వేలకొలది స్త్రీలు దినమునకు పది గంటలు నిలువుకాళ్లపై పనిచేయుచుండిరి. వారి శరీరములను గూర్చి ఇంత ఆందోళన ఏ పత్రికయు పడినట్లు కానరాదు. పనికి దృఢమైన దేహము ఆటకు సుకుమారమగుట ఎట్లో మాకు అర్థము కాలేదు. మన పల్లెలలో కాలువగట్టున రెండేసి బిందెలు మోయు ఆడుబిడ్డను చూచినవారికి అర్థమగునేమో!

ఇక దుస్తుల సంగతి. పత్రికలు గోలులకంటె బట్టలను గూర్చియే ఎక్కువ వ్రాసినవనుట అతిశయోక్తి కాదు. ఆ కాలపు ఆంగ్ల స్త్రీలు నేల నూడ్చు పావడాలును, నడుము బిగించు కోర్సెట్లును ధరించెడివారు. ఆ వస్త్రములతో పరుగెత్తుట మాట అటుంచి, గట్టిగా ఊపిరి పీల్చుటయే కష్టము. అందుచేత ఈ సంఘము వారు మోకాలి క్రిందివరకు వచ్చు వదులైన నిక్కరులు తొడిగి, కొందరు వానిపై పొట్టి పావడా కూడ కట్టి, తలకు టోపీ పెట్టుకొని ఆడిరి. బంతి తలకు తగిలి టోపీ జారినప్పుడు దానిని సరిచేసికొని, జడపిన్నులు చెక్కుకొనువరకు ఆట ఆగెడిదని చెప్పుదురు. నవ్వు వచ్చు మాటయే. కాని జాగ్రత్తగా చూచినచో వారిపై రెండు వైపులనుండియు ఒత్తిడి యున్నట్లు తెలియును. టోపీ లేకున్న మర్యాద లేదందురు. టోపీ సరిచేసికొన్న ఆట రాదందురు.

ఈ విషయము నూట ముప్పది ఏండ్లనాటిదని తోసివేయుటకు వీలులేదు. తలకప్పుకొను వస్త్రము ప్రమాదకరమను పేరుతో అంతర్జాతీయ ఫుట్‌బాల్ సంస్థ నియమములు చాలకాలము దానిని అడ్డగించినవి. 2011 జూన్ నెలలో జోర్డాను రాజధాని అమ్మానులో ఒలింపిక్ అర్హతపోటీకి దిగిన ఇరాన్ స్త్రీల జట్టును, జాతీయగీతము పాడి నిలిచిన తరువాత, ఆ కారణముననే ఆడనీయలేదు. 2012లో ప్రయోగముగా సడలించి, 2014లో నియమమునే మార్చిరి. 2023 ప్రపంచకప్పు పోటీలలో మొరాకో దేశపు నుహైలా బెంజీనా తల కప్పుకొనియే దక్షిణ కొరియాతో ఆడెను; ఆ ఆటలో మొరాకో గెలిచినది. ఒక కాలమున వస్త్రము తక్కువైనదని ఆపిరి, ఒక కాలమున ఎక్కువైనదని ఆపిరి. ఏ దుస్తులు ధరింపవలెనను నిర్ణయము ఆడువారికి విడిచిన దినముననే ఆట సాగినది. మన కళాశాలలో చుడీదారు ధరించువారు, తల కప్పుకొనువారు, కప్పుకొననివారు అందరును కలసియే చదువుచున్నారు. కలసి ఆడుటకు దుస్తులు అడ్డమని మాలో ఒక్కరును తలచుట లేదు.

మొదటి ఆట తరువాత సంఘము ఊరూర తిరిగినది. ఆటలలో కొన్నింటి వసూళ్లు ధర్మకార్యములకు పోయినవి. ఏప్రిల్ నెలలో బ్రైటన్‌లో ఆడిరి, బరీలో ఆడిరి. అదే నెల 20వ తేదీన న్యూకాసిల్ పట్టణపు సెయింట్ జేమ్స్ పార్కులో ఎనిమిది వేలమంది యెదుట ఆడిరి. స్కాట్లండు, వేల్స్, ఐర్లండు దేశములకును వెళ్లిరి. రెండేండ్లలో ఆడిన ఆటలు నూటికి పైగా ఉండును. ఈ సంఖ్యను పాఠకులు ఒకసారి నిదానించి చూడవలెనని కోరుచున్నాము. నూరు ఆటలు! మన విశ్వవిద్యాలయ పోటీలలో పాల్గొను ఏ కళాశాల జట్టును రెండేండ్లలో నూరు ఆటలు ఆడియుండదు. ఆడపిల్లలకు ఓపిక చాలదను వాదము ఈ అంకె ముందు నిలువదు.

ఆ జట్టులో కుడివైపున పరుగులు తీసిన ఎమ్మా క్లార్క్‌ను గూర్చి కూడ చెప్పవలెను. ఈమెను బ్రిటనులో ఆడిన తొలి నల్లజాతి ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా చరిత్రకారులు గుర్తించియున్నారు. చాలకాలము ఆమెను జట్టులోని మరియొక క్రీడాకారిణిగా పొరబడి, ఈ శతాబ్దములో గాని సరిదిద్దుకొనలేదు. ప్రభువంశపు స్త్రీ అధ్యక్షురాలుగా, నల్లజాతి యువతి కుడి అంచున, మారుపేరు వనిత గోలులో నిలిచిన జట్టు అది. అట్టి కలయిక ఆనాటి ఆంగ్ల సమాజములో మరెచ్చట నుండెనో మేము ఊహింపలేము.

ఇంతకును ఎట్లు చితికినది? కొన్ని యూళ్లలో అల్లరిమూకలు మైదానములోనికి చొరబడినవి. ఇది క్రొత్త కాదు. అంతకుముందు 1881 మే నెలలో గ్లాస్గోలో జరిగిన స్త్రీల ఆటలోను మూక విరుచుకుపడగా, ఆటగత్తెలు గుఱ్ఱపు బండిలోనికెక్కి తప్పించుకొనిరి. సంఘములో చీలిక కూడ వచ్చినది. మిసెస్ గ్రహమ్ తన పేరుతో వేరొక జట్టును నడపెను. నెట్టీ హనీబాల్ పేరు మొదటి సంవత్సరము గడువక ముందే పత్రికలనుండి మాయమైనది. ఇవి అన్నియు నిజమే. కాని మూకలు సంఘమును చంపలేదు, చీలికయు చంపలేదు. చంపినది ఖర్చు.

ఇరువది మందికి పైగా స్త్రీలను రైలులో తీసికొనిపోవలెను, బస చూపవలెను, భోజనము పెట్టవలెను, మైదానమునకు అద్దె చెల్లింపవలెను. రాబడి ద్వారమువద్ద వసూలైన టిక్కెట్టు డబ్బు మాత్రమే. వర్షము కురిసిన రాబడి లేదు. ఒక ఊరిలో ఒకసారి చూచినవారు మరల రారు. 1896లో ఎక్సిటర్ పట్టణము చేరునప్పటికి హోటలు బిల్లు చెల్లించుటకు వారివద్ద డబ్బు లేదు. ఇంటికి పోవుటకు దారిలేక నగరాధికారిని సహాయమడుగవలసిన స్థితి వచ్చినది. అంతటితో సంఘము కథ ముగిసినది. నూరు ఆటలాడిన జట్టు హోటలు బిల్లు దగ్గర ఆగిపోయినది.

ఇక్కడ ఒక సూక్ష్మము కలదు. చాలమంది దీనిని గమనింపరు. ఆ జట్టుకు ఆడుటకు ఎదుటి జట్టు లేదు. క్రౌచ్ ఎండ్‌లో వలె, తిరిగిన ఊళ్లలోను తమలో తామే రెండుగా చీలి ఆడుకొనిరి. నేడు ఉత్తరము గెలుచును, రేపు దక్షిణము. ఏ గెలుపునకును తరువాతి వారమున అర్థముండదు. పురుషుల సంగతి చూడుడు. వారి ఫుట్‌బాల్ అసోసియేషన్ 1863లో ఏర్పడినది. కప్పు పోటీ 1871లో మొదలైనది. 1885లో జీతమిచ్చి ఆడించుట చట్టబద్ధమైనది. 1888లో లీగు పుట్టినది. ఓడిన జట్టుకు వచ్చే శనివారము మరియొక ఆట ఉండును. ప్రేక్షకుడు వింత చూచుటకు గాక, తన ఊరిజట్టు ఏ స్థానములో నున్నదో తెలిసికొనుటకు వచ్చును. పోటీల వరుస ఉన్నచోట ఆట వ్యవసాయము వంటిది. లేనిచోట సంత గారడి వంటిది. ఆ స్త్రీలను గారడిగా చూపి, గారడి ఎక్కువ కాలము సాగదని నిందించిరి.

మన హైదరాబాదు చరిత్రయే ఇందుకు సాక్ష్యము. సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు వృత్తిచే ఉపాధ్యాయుడు. వారి శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950నుండి 1954వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచినది. వారు శిక్షణ ఇచ్చిన భారత జట్టు 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో బంగారు పతకము పొంది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానము పొందినది. రహీమ్ సాహెబు గారి ప్రతిభను తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. కాని ఆ ప్రతిభకు రోవర్స్ కప్పు ఉండెను, పోలీసు శాఖ జీతము ఉండెను, మైదానముండెను. ఇవేవియు లేక, ఆ జట్టును టిక్కెట్టు డబ్బుతో ఊరూర తిరుగుమని పంపినచో రెండేండ్లకంటె ఎక్కువ నిలిచియుండునా? మేము సందేహించుచున్నాము.

అదే ఆంగ్లదేశములో ఇరువది ఏండ్ల తరువాత జరిగినది చూచిన మా వాదము మరింత స్పష్టమగును. మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1917లో, ప్రెస్టన్ పట్టణములో డిక్ కెర్ అను కర్మాగారపు స్త్రీలు ఒక జట్టు కట్టిరి. వారికి కర్మాగారము అండ ఉండెను. ఇతర కర్మాగారములలోను స్త్రీల జట్లుండుటచే ఎదుటిజట్లకు కొదువ లేకపోయెను. గాయపడిన సైనికులకును ఆసుపత్రులకును వసూళ్లు పంపిరి. 1920 డిసెంబరు నెలలో లివర్‌పూల్ నగరములోని గుడిసన్ పార్కులో సెయింట్ హెలెన్స్ జట్టుతో వారు ఆడిన ఆటను చూచుటకు 53,000 మంది వచ్చిరి. స్త్రీలు అదే స్త్రీలు. మైదానము, అండ, ఎదుటిజట్టు సమకూడగానే జనము పదివేలనుండి ఏబది వేలు దాటినది.

మరునాటి సంవత్సరమే, 1921 డిసెంబరు 5వ తేదీన, ఫుట్‌బాల్ అసోసియేషన్ తన సభ్యసంఘముల మైదానములలో స్త్రీల ఆటలు జరుగరాదని నిషేధించెను. ఈ ఆట స్త్రీలకు తగదనియు, వసూళ్లలో ఖర్చుల క్రింద పోవు భాగము అధికమనియు చెప్పిన కారణములు. 1902లోనే స్త్రీల జట్లతో ఆడవద్దని తన సంఘములకు అది తాకీదు పంపియుండెను. 1921 నిషేధము అర్ధశతాబ్దము సాగినది; 2008లో ఆ సంస్థ క్షమాపణ చెప్పుకొన్నది. నిలువనిదానిని నిషేధింప నవసరము లేదు. తనంత తానే చెదరిపోవు జట్లను ఆపుటకు సభ చేసి తీర్మానమెందుకు చేసిరో, బాలికల జట్లు నిలువవని చెప్పు పెద్దలు ఆలోచింపవలెను. 2022లో అదే దేశపు స్త్రీల జట్టు వెంబ్లీ మైదానములో 87,192 మంది యెదుట యూరోపు విజేతగా నిలిచినది. 2025లో మరల గెలిచినది.

మన దేశములో 1975లో స్త్రీల ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడినది. 1980 జనవరిలో కోళిక్కోడులో జరిగిన ఆసియా పోటీలలో మన స్త్రీల జట్టు రెండవస్థానము పొందినది. 1983లో మరల రెండవస్థానము. ఆ తరువాత దీర్ఘకాలము ఆటకు వరుస తప్పినది. 2025 జూలైలో థాయిలాండును దాని గడ్డపైననే 2-1 గోలులతో ఓడించి ఆసియా కప్పునకు అర్హత సంపాదించినది మన జట్టు. నిజామాబాదు జిల్లా తండానుండి వచ్చిన గుగులోతు సౌమ్య ఈ తరపు భారత క్రీడాకారిణి. 2022లో క్రొయేషియా దేశపు దినామో జాగ్రెబ్ సంఘమున చేరినది. ఒక తండా బిడ్డ జాగ్రెబ్ వరకు పోగలిగినప్పుడు, మన తరగతి గదులనుండి కళాశాల వెనుకనున్న మైదానము వరకు పోవుట మాకు దూరము కాదు గదా!

మేము కోరునది చాల తక్కువ. గత సంవత్సరము క్రీడోత్సవములో విద్యార్థినులకు జరిగినవి క్యారమ్స్, టెన్నికాయిట్, నిమ్మకాయ-చెంచా పందెము. ఇవి చెడ్డవని మేమనుట లేదు. నిమ్మకాయ పందెములో మాలో ఒకరికి బహుమతి కూడ వచ్చినది. కాని ఇవన్నియు ఒక్కదినపు ముచ్చట. ఒకరితో ఒకరు కలసి, ఒకరి తప్పు మరియొకరు కప్పి, వారము తరువాత వారము నేర్చుకొను ఆట ఒకటి మాకు కావలెను.

మైదానము సాయంకాలములందు బాలురది. వారిని తరుముట మా కోరిక కాదు. వారిలో మా అన్నదమ్ములున్నారు. వారమునకు రెండు దినములు, మంగళ శుక్రవారములు పనికిరానిచో మరే రెండు దినములైనను, నాలుగు గంటలనుండి ఐదు గంటలవరకు మైదానము విద్యార్థినులకు విడువవలెను. శుక్రవారము మధ్యాహ్నపు నమాజునకు ఆ వేళ అడ్డురాదు. ఆ గంటలో ఒక అధ్యాపకురాలు అక్కడ ఉండిన తల్లిదండ్రులకు నిశ్చింత కలుగును. రెండు బంతులు, ఒక గాలి పంపు కావలెను. దుస్తులు మావే.

ఇంతకంటె ముఖ్యమైనది మరియొకటి. ఎక్సిటర్ కథ విన్నవారు దీనిని కాదనరని మా నమ్మకము. మాలో మేమే ఉత్తరము దక్షిణముగా చీలి ఆడుకొనుటతో తృప్తిపడుట మాకు ఇష్టము లేదు. జిల్లాలోని ఇతర మహిళా కళాశాలలకును, మైనారిటీ కళాశాలలకును మన ప్రిన్సిపాలు గారి పేర లేఖలు పంపి, సంవత్సరమునకు నాలుగు ఆటలైనను ఏర్పాటు చేయవలెను. మూడు కళాశాలలు ఒప్పుకొన్నచో చాలును. పోయి వచ్చుటకు బస్సు చార్జీలు క్రీడానిధినుండి ఇప్పించవలెను. విద్యార్థినులును ఆ నిధికి బాలురతో సమానముగానే రుసుము చెల్లించుచున్నారు. ఆ లెక్క కార్యాలయపు పుస్తకములో ఉన్నది.

కమిటీ వారు ఈ విషయమును వేసవి సెలవులకు ముందు జరుగు సమావేశములో చర్చించి నిర్ణయము తెలిపినచో, జూన్‌లో ప్రవేశపత్రములతోపాటు పేర్లు నమోదు చేసికొనుటకు వీలగును. ఇప్పటికి ఉర్దూ విభాగమునుండి తొమ్మిదిమంది, తెలుగు విభాగమునుండి పదునొకండుగురు పేర్లిచ్చియున్నారు. అందరును తమ సొంత పేర్లే వ్రాసిరి.